మాయాబజార్ చూశాం రా, చివరికి!

ఒరేయ్ శీనూ,

ముందు తిట్టాల్సినవన్నీ తిట్టేసుకో, తర్వాత చదువు. నీ ఉత్తరానికి జవాబు ఎంత ఆలస్యమైందో నువ్వు లెక్కపెట్టుకునే ఉంటావు. ఇక్కడ అందరం బాగున్నాం, నాన్న మోకాలు అలాగే ఉంది, బావ ట్రాన్స్‌ఫర్ ఆగింది, నీ గొడుగు నా దగ్గరే ఉంది, అడక్కు. కబుర్లయిపోయాయి. ఇక అసలు సంగతి.

సురభి నాటక సమాజం వాళ్ళ మాయాబజార్ చూశాం రా! రవీంద్రభారతిలో, నేనూ అక్కా.

మా ఇంట్లో ఈ నాటకం కథ నీకు తెలుసుగా. చిన్నప్పుడు మా ఊళ్ళో సురభి డేరా పడింది. రేపు వెళ్దామని నాన్న అన్న రాత్రే అక్కకి అమ్మవారు పోసింది. తను లేచి తిరిగేసరికి డేరా ఎత్తేశారు. అప్పట్నుంచీ ఏ గొడవొచ్చినా నా చివరి అస్త్రం ఒకటే: "నీ వల్లే నేను ఘటోత్కచుణ్ణి చూడలేదు." తన అప్పగింతలప్పుడు కూడా అన్నానట. నువ్వు పక్కనే ఉన్నావు, సాక్ష్యం చెప్పకు.

అందుకే ఈసారి టికెట్లు తనే తీసింది. మెట్రో అసెంబ్లీ స్టేషన్ చేరేదాకా క్లాసు కూడా పీకింది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు గారు కీచక వధ నాటకంతో మొదలుపెట్టారట. ఆడవేషాలు మగవాళ్ళు కట్టే ఆ కాలంలోనే వీళ్ళ ఇళ్ళల్లో ఆడవాళ్ళు స్టేజీ ఎక్కారట. చెబుతున్నంతసేపూ అదే గొంతు, అదే చూపుడువేలు. మన ఏ మాస్టారు గుర్తొచ్చారో నీకు చెప్పక్కర్లేదు. "అర్థమైందాండీ?"

నారదుడు పైనుంచి దిగాడు. తీగ పట్టేస్తానని నేను ముందే పందెం కాశాను, మెడ పట్టేసేలా పైకే చూశాను. కనిపించింది కూడా! అయినా ఏం తేడా పడలేదు, అదే విచిత్రం. మనిషి గాల్లో ఊగుతూ శ్రుతి తప్పకుండా పాడుతుంటే ఇక తీగ ఎవడికి కావాలి?

తర్వాత లడ్డూలు. ఘటోత్కచుడు నోరు తెరిస్తే పళ్ళెంలోంచి ఒక్కొక్కటే లేచి వెళ్ళి నోట్లో పడుతోంది. సినిమా అయితే కెమెరా ఆపుకుని ఏదో చేసుకోవచ్చు. ఇక్కడ హాలు మొత్తం కళ్ళార్పకుండా చూస్తోంది కదరా! వెనక సీట్లో ఒక పిల్లాడు "నాకూ ఒకటీ" అని ఏడుపు. అక్క నా మోచెయ్యి గిల్లిన గుర్తు ఇంకా పోలేదు.

కానీ నేను నీకు చెప్పాలనుకున్నది ఇదీ కాదు. ఒక పద్యం చివర ఘటోత్కచుడి వేషం కట్టినాయన రాగం ఎత్తుకున్నాడు, హార్మోనియం వెంట పడింది, అయిపోయిందనుకున్న ప్రతిసారీ ఇంకో మెట్టు పైకి. ఆపగానే మా అక్క లేచి నిలబడి "వన్స్‌మోర్!" అని కేక పెట్టింది. మా అక్క రా! బ్యాంకులో కస్టమర్ గొంతు పెంచితే కళ్ళతోనే కూర్చోబెట్టే మనిషి! తలలన్నీ ఇటు తిరిగాయి. నేను చెప్పు వెతుక్కుంటున్నట్టు కిందికి వంగాను. ఆయన మాత్రం ఇటు చూసి తల పంకించి, నిజంగానే మళ్ళీ పాడాడు. రెండోసారి ఇంకా బాగా.

మాయా శశిరేఖ మీసం మెలేసినప్పుడు పగలబడి నవ్విన అక్క, ఉన్నట్టుండి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఏమిటంటే, ఆ రోజు డేరాకని అమ్మ పెట్టెలోంచి కంచి చీర తీసి పెట్టుకుందట. రాత్రి వేపమండలతో తన పక్కన కూర్చున్నప్పుడే మళ్ళీ మడతపెట్టేసిందట. నాకీ సంగతి తెలీదు. ఇన్నేళ్ళూ నేను ఘటోత్కచుడనే... సరే, పోనీ.

రాత్రి నాన్నకి ఫోన్ చేస్తే మొదటి ప్రశ్న, "లడ్డూలెన్ని?" లెక్కపెట్టలేదన్నాను. "మరి వెళ్ళిందెందుకురా?" అని పెట్టేశాడు.

అయ్యో, బాణాల సంగతి చెప్పనే లేదు! అటునుంచి ఒకటి, ఇటునుంచి ఒకటి, మధ్యలో ఢీకొని నిప్పురవ్వలు... కింద ఆటోవాడు హారన్ మోగించేస్తున్నాడు, ఇది దారిలో డబ్బాలో పడేయాలి. యుద్ధం మొత్తం వచ్చే ఉత్తరంలో.

నీ
గోపి