బెల్ట్ ఇచ్చారు సరే, కొక్కెం ఎక్కడ తగిలించాలి?

సంపాదకులకు,

కప్పు మీది నుంచి పడి కార్మికుడు చనిపోయాడన్న వార్త వచ్చిన ప్రతిసారీ చివర్లో 'భద్రతా చర్యలు లేకపోవడమే కారణం' అని ఉంటుంది. ఆ చర్యలేమిటో మాత్రం ఉండదు. 19 ఏళ్లుగా ఏసీలు బాగుచేస్తూ కప్పులెక్కుతున్నవాణ్ణి, నాకు తెలిసింది చెబుతాను.

బిల్డింగ్ కట్టేవాళ్లు రోజూ ఎత్తులోనే ఉంటారు కాబట్టి వాళ్ల గురించి ఎవరో ఒకరు ఆలోచిస్తారు. మేం ఏడాదికి రెండుసార్లు ఎక్కి దిగేవాళ్లం. 'పది నిమిషాల పనే కదా' అంటారు. నేనూ అనేవాణ్ణి. ఒకసారి ఓ గోడౌన్ మీద, వెలుతురు కోసం వేసిన ప్లాస్టిక్ రేకు మీద కాలు వేశాను. దుమ్ము పట్టి పక్క రేకుల్లో కలిసిపోయి ఉంది. ఎండకు పెళుసెక్కిందేమో, మోకాలి దాకా దిగబడ్డాను. చేతిలోని స్పానర్ ఆ సందులోంచి జారిపోయింది. అది నేలను తాకిన చప్పుడు రావడానికి సెకను పైనే పట్టింది. ఆ రోజు నా ఒంటి మీద సేఫ్టీ బెల్ట్ ఉంది. దాని కొక్కెం బెల్ట్‌కే తగిలించి ఉంది, ఎందుకంటే ఆ కప్పు మీద తగిలించుకోడానికి ఇంకేమీ లేదు.

అమెరికాలో కార్మికుల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఓషా 2016లో తెచ్చిన నిబంధనలు మాలాంటి వాళ్ల సంగతి విడిగా చెప్పాయి. వాలు తక్కువున్న కప్పు మీద అంచుకు 6 అడుగుల లోపు పనైతే ఎంత చిన్నదైనా రక్షణ ఉండాల్సిందే. 6 నుంచి 15 అడుగుల మధ్య, ఎప్పుడో ఒకసారి కాసేపు చేసే పనైతే హెచ్చరిక తాడు కట్టిన హద్దులో చేసుకోవచ్చు. 15 అడుగులు, అంతకు మించి లోపలుంటే, అలాంటి పనికి అంచు వైపు వెళ్లకూడదన్న కట్టుబాటు అమలైతే చాలు. అంచు దగ్గర మాత్రం టైముతో బేరం లేదు.

చాలామంది యజమానులు బెల్ట్ కొనిచ్చి చేతులు దులుపుకుంటారు. లెక్క వేసి చూడండి. బెల్ట్‌ని కొక్కేనికి కలిపే తాడు 6 అడుగులు. కుదుపు తగ్గించడానికి విచ్చుకునే షాక్ అబ్జార్బర్ మరో మూడున్నర. తాడు కట్టే, బెల్ట్‌కి వీపు వైపున్న రింగు నుంచి పాదాల దాకా 5. కింద ఖాళీగా ఇంకో 3. అంటే కొక్కెం తగిలించిన చోటు నుంచి పదిహేడున్నర అడుగులు కావాలి. ఒక అంతస్తు ఇంటి కప్పు 10, 11 అడుగులుంటుంది. తాడు పని మొదలుపెట్టేలోపే నేల వచ్చేస్తుంది! అలాంటిచోట అంచు దాకా వెళ్లనివ్వని పొట్టి తాడే నయం. ఇక పడేవాణ్ణి ఆపాల్సిన కొక్కేనికి ఆధారం ఒక్కో మనిషికి 5,000 పౌండ్లు, అంటే 2,200 కిలోల పైన ఆపగలగాలని అదే దేశపు నిబంధన. మేం తగిలించేది నీళ్ల పైపుకి, డిష్ స్తంభానికి.

స్లాబ్ వేసేటప్పుడే కొక్కెం తగిలించుకోడానికి గట్టి రింగులు పెట్టించడం తేలిక. తర్వాత డ్రిల్ చేస్తామంటే వాటర్‌ప్రూఫింగ్ పోతుందని ఎవరూ ఒప్పుకోరు. పిట్టగోడ నడుము దాకా లేపి, యూనిట్లు కప్పు మధ్యలో పెడితే మాకు బెల్ట్ అవసరమే చాలావరకు ఉండదు.

ఈమధ్య ఒకచోట యూనిట్‌ను పిట్టగోడకు బయటివైపు బిగించమన్నారు. పైన స్థలం కలిసొస్తుందట. నా వల్ల కాదన్నాను. వేరే అతన్ని పిలిపించి బిగించుకున్నారు. సర్వీసుకి వచ్చేవాడు ఇకపై ప్రతిసారీ ఆ గోడ దాటి దిగాలి.

– ఒక ఏసీ మెకానిక్