లోతు చెప్పే లేజర్ ముందు జిల్లాలకే కావాలి

సంపాదకుడు గారికి నమస్కారం.

నేను కోవూరు దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో 22 ఏళ్లుగా తెలుగు చెబుతున్నాను. రెండేళ్ల కిందట గొంతు బొంగురుపోయింది. మిరియాల కషాయాలు, ఉప్పునీళ్ల పుక్కిలింతలు అయ్యాక చూపిస్తే, స్వర తంత్రి మీద చిన్న కాయ ఉందన్నారు. నెల్లూరులో పినాకిని ఎక్కి చెన్నై వెళ్లి లేజర్ ఆపరేషన్ చేయించుకున్నాను. వారం రోజులు నోరు మెదపకూడదన్నారు. పాప పలక తీసుకుని, "కూరలో ఉప్పు చాల్లేదు" అని కూడా రాసి చూపించేదాన్ని.

ఆపరేషన్‌కు ముందు డాక్టరమ్మ చెప్పిన మాట నాకింకా గుర్తుంది. "కత్తి అయితే చేతికి తెలుస్తుందమ్మా. కిరణం ఎంత లోతుకు దిగిందో చేతికి తెలీదు. మైక్రోస్కోపులో చూస్తూ అంచనా కట్టాలి." లోతు కాస్త ఎక్కువైతే మచ్చ కట్టి గొంతు ఎప్పటికీ బాగుపడకపోవచ్చు. ఆ అంచనా ఏళ్ల తరబడి చేస్తేనే వస్తుంది. అలా చేసినవాళ్లు ఎక్కువగా పెద్ద నగరాల్లోనే ఉన్నారు.

అప్పటి నుంచి ఈ విషయం కనిపిస్తే వదలకుండా చదువుతున్నాను. ఇటలీలోని జెనోవా కేంద్రంగా 2012లో యూరప్ నిధులతో ఒక ప్రాజెక్టు మొదలైంది. డాక్టరు తెర మీద పెన్నుతో గీత గీస్తే రోబో ఆ గీత వెంటే కిరణాన్ని నడుపుతుంది. కిరణం ఎంతసేపు పడితే కండ ఎంత వేడెక్కుతుందో, ఎంత లోతు తెగుతుందో, ఉదాహరణల నుంచి కంప్యూటరే నేర్చుకునే మెషిన్ లెర్నింగ్‌తో లెక్కగట్టారు. ఆ లెక్కను పరీక్షించింది జెల్ మీద, కోడి మాంసం మీద. రోగి దాకా రావాలంటే ఇంకా చాలా పరీక్షలు దాటాలి, ఆ జాగ్రత్త ఉండాల్సిందే. గీసేదీ ఆపేదీ డాక్టరే కావాలి.

చేయి తిరిగిన సర్జన్‌కు ఈ సాయం లేకపోయినా గడుస్తుంది. నెల్లూరులో, ఒంగోలులో నిన్నగాక మొన్న పీజీ ముగించిన డాక్టరుకే ఇది ఎక్కువ అవసరం. కానీ కొత్త యంత్రం ఏది వచ్చినా ముందు నగరాలకే పోతుంది. గొంతు మీద బతికే వాళ్లు ఇక్కడ తక్కువా? టీచర్లు, పద్యనాటకం వాళ్లు, రేవులో చేపల వేలం పాడేవాళ్లు, అందరూ చెన్నై బండి ఎక్కాల్సిందేనా?

నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ వైద్య కళాశాలల్లో ముందు మామూలు గొంతు లేజర్‌నైనా పెట్టి, డాక్టర్లకు శిక్షణ ఇప్పించాలి. రోగి ఒప్పుకుంటే పేరు తీసేసి ప్రతి ఆపరేషన్ వీడియోనూ, వాడిన లేజర్ శక్తినీ భద్రపరచాలి. యంత్రం నేర్చుకునేది వాటి నుంచే. తిరుపతి ఐఐటీ పక్క జిల్లాలోనే ఉంది. ఇలాంటి యంత్రం గురించి ఆరోగ్య శాఖ ఈ ఏడాదే వాళ్లతో మాట్లాడాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక తెలుగు ఉపాధ్యాయురాలు,
కోవూరు, నెల్లూరు జిల్లా