పక్క మంచం దగ్గరి అమ్మకు

మా పాపను నిన్న పలమనేరు ఇంటికి తెచ్చుకున్నాం. పదహారేళ్ల పిల్ల, ఇంటర్ మొదటి సంవత్సరం. కడుపు క్యాన్సర్. జీర్ణాశయం మొత్తం తీసేసి, అన్నవాహికను నేరుగా చిన్నపేగుకు కలిపారు. ఇంకా కీమోలు ఉన్నాయి. కళ్లు మూతలు పడుతున్నా ఈ నాలుగు మాటలు రాయకుండా పడుకోలేను.

తిరుపతి ఆసుపత్రిలో మా పక్క మంచం మీద శ్రీకాళహస్తి వైపు పెద్దాయన ఒకరు ఉండేవారు. తోడుగా వాళ్లావిడ. వార్డుకొచ్చిన ప్రతివాళ్లూ మా పాపను చూసి "ఇంత చిన్నపిల్లకా? ఏం తినేది? నూడుల్సా?" అని అడిగేవాళ్లు. పాప గోడవైపు తిరిగేది. ఈ వయసులో చాలా అరుదని, ఫలానా తిండి వల్లే వచ్చిందని చెప్పలేమని డాక్టరే అన్నారు. ఎంతమందికని చెప్పేది? ఆ అమ్మ మాత్రం ఏమీ అడగలేదు. "తల దువ్వేదా నాయనా?" అని దగ్గర కూర్చునేది.

మొదటి కీమో రాత్రి పాప ఆగకుండా వాంతులు చేసుకుంది. తెల్లవారుజామున కాస్త కన్నంటుకుని లేచి చూస్తే మా దుప్పట్లు, పాప నైటీ ఉతికి ఆరేసి ఉన్నాయి. నేను ఏడుస్తూ చేతులు పట్టుకుంటే "మా ఆయన బట్టల్తో కలిపి పిండేసినాను, దానికేముందమ్మా" అంది. అన్నాళ్లూ గట్టిగా ఉన్నదాన్ని, ఆ మాటకు కూలబడిపోయాను. ఆమెకు మాత్రం తక్కువ కష్టమా? మేము ఐసీయూ దగ్గరుండగా వాళ్లు డిశ్చార్జి అయ్యారు. పాపకని మొలకట్టిన రాగిపిండి డబ్బా నర్సమ్మకిచ్చి వెళ్లిందట. అమ్మా, ఆ జావే ఇప్పుడు గంటగంటకూ నాలుగు చెంచాలు పడుతున్నాను.

మా ఆయన, తమ్ముడు, అత్తమ్మ అందరూ ఉన్నారు, వాళ్లకు వేరే చెప్పాలా.

ఒక్కటి మాత్రం కడుపు మండి రాస్తున్నాను. నెలల తరబడి నొప్పి, వాంతులు, బరువు తగ్గడం, రక్తం తగ్గడం. చూపించిన చోటల్లా గ్యాస్ అన్నారు, అల్సర్ అన్నారు, పరీక్షల టెన్షన్ అన్నారు. ఎండోస్కోపీ చేసి ముక్క తీసి చూస్తేగానీ తేలని జబ్బు ఇది. ఆ చీటీ ఎవరూ రాయలేదు. చివరికి తేలాక ఒకచోట పిల్లల వార్డుకు పెద్దదన్నారు, పెద్దల వార్డుకు చిన్నదన్నారు. రేషన్ కార్డులో, ఆధార్‌లో పేరు తేడా అని ప్రభుత్వ వైద్య పథకం అనుమతి ఆపారు. నొప్పితో మెలికలు తిరిగే పిల్లను కౌంటర్ ముందు ఎంతసేపని నిలబెట్టుకోవాలి?

అయ్యో, రక్తమిచ్చిన ఎస్వీ యూనివర్సిటీ పిల్లలను మరిచాను! బాబూ, మీకు దండం. ఆపరేషన్ తర్వాత ఊపిరి లోపలికి గట్టిగా పీల్చి గొట్టాల్లో బంతులు లేపడం నేర్పిన ఫిజియోథెరపీ అమ్మాయికి, రాత్రిళ్లు పిలవగానే వచ్చిన ఆటో తమ్ముడికి, నోట్సు పంపుతున్న పాప స్నేహితురాళ్లకు కూడా. జీర్ణాశయం లేదు కాబట్టి జీవితాంతం బీ12 విటమిన్ ఇంజెక్షన్లు కావాలంటే, ఇంటికొచ్చి వేస్తానన్న మా వీధి నర్సక్కకూ.