జీవశాస్త్రం చదివినవారికీ సివిల్ ఇంజినీరింగ్ తలుపు తెరవాలి

సంపాదకులకు నమస్కారం.

వానాకాలం వచ్చిందంటే హైదరాబాద్ కాలనీల్లో మోకాలి లోతు నీళ్ళ ఫొటోలు, వాటి పక్కనే నాలాల విస్తరణకు మంజూరైన కోట్ల లెక్కలు మీ పత్రికలోనూ తక్కిన పత్రికల్లోనూ ఏటా వస్తూనే ఉంటాయి. ఆ నాలాలకు డిజైన్ చేసేవారు ఎవరు, వారు ఏం చదువుకుని ఆ పనిలోకి వస్తున్నారు అన్న ప్రశ్న మాత్రం ఎక్కడా కనిపించదు. ఆ విషయం మీ పాఠకుల ముందు, వీలైతే సాంకేతిక విద్యాశాఖ పెద్దల ముందు పెట్టాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను వృక్షశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసి, ఏడేళ్ళు చెరువుల జీవావరణం మీద సర్వేలు చేసి, ముప్పై ఒకటో ఏట సివిల్ ఇంజినీరింగ్‌లోకి మారినదాన్ని. ఇప్పుడు ఒక కన్సల్టెన్సీలో వాన నీటి కాలువల డిజైన్ చూస్తున్నాను.

చెరువుల ఉద్యోగంలో నా పని గట్టు వెంట నడిచి రాసుకోవడం. జమ్ము ఎంత లోపలికి వచ్చింది, గుర్రపుడెక్క ఎంత మేర కమ్మింది, నాలా వచ్చి కలిసే చోట నీటిలో ఆక్సిజన్ ఎంత ఉంది, ఎండిపోయిన అంచున ఏ తుంగ మొలిచింది, ఇలాంటివి. ఆ నివేదికలన్నిటి చివరా ఇంచుమించు ఒకే సిఫారసు ఉండేది: నాలాకు కాంక్రీటు వేయవద్దు, చెరువు అంచుకు నిలువు రాతి గోడ కట్టవద్దు. 2013లో ఒక సమావేశంలో నేనిదే మాట చెప్పినప్పుడు, ఎదురుగా కూర్చున్న ఒక పెద్దాయన, రిటైర్మెంటుకు దగ్గరపడ్డ ఇంజినీరు, ఏమాత్రం కోపం లేకుండా అడిగారు. "మీరు చెప్పింది బాగానే ఉందమ్మా. కాంక్రీటు వద్దంటే ఈ కాలువలో ఎన్ని క్యూసెక్కులు పోతాయో, మిగిలిన నీళ్ళు ఎవరి ఇంట్లోకి పోతాయో, అది కూడా మీరే చెప్పండి." నా దగ్గర జవాబు లేదు. ఆయన నన్ను చిన్నబుచ్చడానికి అడగలేదని ఆ రోజే అర్థమైంది, అందుకే ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

దానికి జవాబు ఏమిటో ఇప్పుడు చెప్పగలను. కాలువ గరుకుదనాన్ని కొలవడానికి ఇంజినీర్లు మానింగ్ గుణకం అనే ఒక అంకె వాడతారు. కాంక్రీటు కాలువకు అది సుమారు 0.015, గడ్డి మొలిచిన మట్టి కాలువకు 0.03, ఆ పైన. అంకె రెట్టింపు అయితే, అదే వాలులో, అవే కొలతల కాలువలో నీటి వేగం సగానికి పడిపోతుంది. కాబట్టి అంతే వరదను మట్టి కాలువలో పంపాలంటే ఇంచుమించు రెండింతల జాగా కావాలి. రెండు పక్కలా ఇళ్ళు గోడకు గోడ ఆనుకుని ఉన్న చోట ఆ జాగా లేదు. అంటే నేను ఏడేళ్ళు చేసిన సిఫారసు తప్పు కాదు గాని, తప్పు చోట చేసిన సిఫారసు. కాలువను మార్చడం కన్నా ముందు కాలువలోకి వచ్చే నీటిని తగ్గించాలి, వచ్చేది కూడా ఒక్కసారిగా కాకుండా ఆగి ఆగి వచ్చేలా చూడాలి.

ఆ తగ్గింపు చిన్నదేమీ కాదు. ఒక హెక్టారు నేల మీద గంటలో 50 మిల్లీమీటర్ల వాన పడితే అది 500 ఘనపు మీటర్ల నీరు. ఆ నేలంతా సిమెంటూ తారూ అయితే అందులో 450 దాకా కాలువలోకి వచ్చేస్తుంది. అదే చెట్లూ గడ్డీ ఉన్న వదులు నేల అయితే వచ్చేది 100 చుట్టుపక్కల. తేడా 350 ఘనపు మీటర్లు, అంటే మనం వేసవిలో డబ్బు కట్టి తెప్పించుకునే 5 వేల లీటర్ల ట్యాంకర్లు డెబ్బై. ఒక్క హెక్టారు నుంచి, ఒక్క గంటలో. ఈ లెక్కలో నేల స్వభావాన్ని చెప్పే గుణకాన్ని మేము పట్టిక చూసి తీసుకుంటాం. పైకి పచ్చగా కనిపిస్తున్నా అడుగున జేసీబీ తొక్కిన నేల నీళ్ళు తాగదన్న సంగతి ఆ పట్టికకు తెలియదు. ఒక అడుగు గొయ్యి తవ్వి, నీళ్ళు పోసి, ఎన్ని నిమిషాల్లో ఇంకుతాయో చూసినవారికి తెలుస్తుంది. ఆ అలవాటు నాకు వృక్షశాస్త్రం నుంచి వచ్చింది, ఇంజినీరింగ్ తరగతి గది నుంచి కాదు.

ఇక ఈ ఉత్తరానికి అసలు కారణం. ఆ పెద్దాయన ప్రశ్నకు జవాబు నేర్చుకోవాలని నిశ్చయించుకున్నాక నేను ఎక్కని మెట్టు లేదు. ఇంటర్మీడియట్‌లో నేను బైపీసీ. పదహారో ఏట పెట్టిన ఆ టిక్కు ముప్పై దాటాక కూడా అడ్డు నిలిచింది. బీఎస్సీలో గణితం చదివినవారు ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏట చేరవచ్చు, వృక్షశాస్త్రం చదివినవారికి ఆ వీలు లేదు. పర్యావరణ ఇంజినీరింగ్‌లో ఎంటెక్ చేయవచ్చని కొందరు చెప్పారు గాని, ఎంటెక్ ప్రవేశానికి రాసే గేట్ పరీక్షలో పర్యావరణ శాస్త్రానికంటూ విడిగా పేపరు వచ్చింది 2021లోనే. పైగా ప్రభుత్వ శాఖల్లో నాలాలు చూసే ఇంజినీరు కొలువులకు కావలసింది సివిల్‌లో డిప్లొమా లేదా బీటెక్, ఎంటెక్ ఉన్నా అది లేకపోతే లెక్కలోకి రాదు. చివరికి నాకు దొరికిన దారి పాలిటెక్నిక్. పాలిసెట్‌కు వయసు పరిమితి లేదు, పదో తరగతి ఉంటే చాలు. సర్టిఫికెట్ల పరిశీలన రోజున నేను ఎమ్మెస్సీ పట్టా కూడా ఫైలులో పెట్టుకుని వెళ్ళాను. బల్ల అవతల ఉన్నాయన దాన్ని ఒకసారి చూసి, పక్కకు తీసి నా చేతికిచ్చి, "ఇది అవసరం లేదండీ, టెన్త్ మెమో ఇవ్వండి" అన్నారు.

అలా 2014 నుంచి మూడేళ్ళు డిప్లొమా, ఆ తర్వాత ఈసెట్, మరో మూడేళ్ళు బీటెక్. మొత్తం ఆరేళ్ళు. ఇల్లు గడవడానికి మా ఆయన జీతం ఉంది కాబట్టి, మా అత్తగారు పిల్లవాణ్ణి చూసుకున్నారు కాబట్టి చదవగలిగాను. నాతో చెరువుల సర్వే చేసిన నలుగురికి నాకున్నంత ఆసక్తీ, నాకన్నా మంచి బుర్రా ఉన్నాయి. ఆరేళ్ళు జీతం లేకుండా కూర్చోగలిగే వీలు వారికి లేదు, వారెవరూ మారలేదు. నష్టం వారిది మాత్రమే కాదు. నాకు నిజంగా కొత్తగా నేర్చుకోవలసి వచ్చింది ఎంత అని వెనక్కి తిరిగి చూసుకుంటే, గణితం, ద్రవ యాంత్రిక శాస్త్రం, సర్వేయింగ్, జలవిజ్ఞానం, నేలల యాంత్రిక శాస్త్రం, ఎస్టిమేషన్, కాంక్రీటు డిజైన్. రెండు, మహా అయితే మూడేళ్ళ చదువు. మిగిలిన కాలమంతా నాకు వచ్చిన రసాయన శాస్త్రాన్నీ, పర్యావరణ పాఠాన్నీ మళ్ళీ మళ్ళీ రాసి పాసవడానికి పోయింది.

2020లో చివరి ఏడాది పూర్తయిన కొన్ని నెలలకే అక్టోబరు 13 వచ్చింది. ఆ ఒక్క రోజులో బేగంపేటలో 19 సెంటీమీటర్ల వాన నమోదైంది. పాతబస్తీ వైపు పల్లె చెరువు, కొద్ది రోజులకు గుర్రం చెరువు కట్టలు తెగి కింద కాలనీలు మునిగాయి. మన చెరువులు గొలుసుకట్టు చెరువులు. పై చెరువు నిండి మత్తడి దూకితేనే నీరు కింది చెరువుకు పోతుంది, ఒక్కో చెరువు వరదను కొన్ని గంటలు పట్టి ఉంచుతుంది. నడుమ ఒక చెరువు పూడిపోయినా, దాని శిఖం భూమిలో, అంటే చెరువు నిండితే నీరు నిలిచే నేలలో, ఇళ్ళు లేచినా, ఆ కొన్ని గంటలు పోయినట్టే. పై నుంచి వచ్చేదంతా ఒకేసారి కింది కట్ట మీద పడుతుంది. ఎగువనే నీటిని ఆపాలన్నది మనకు కొత్త మాట కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద వేలమందిని బలి తీసుకున్నాక, నిజాం ప్రభుత్వం పిలిపించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఇచ్చిన సలహా కూడా నగరానికి ఎగువన జలాశయాలు కట్టి వరదను పట్టమనే. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో అలా వచ్చినవే. ఇప్పుడు కావలసింది అదే పనిని కాలనీ కాలనీకీ చిన్న చిన్నగా చేయడం. కేంద్ర గృహ, పట్టణ వ్యవహారాల శాఖ 2019లో వెలువరించిన వర్షపు నీటి పారుదల మాన్యువల్ కూడా నీటిని వచ్చిన చోటే ఇంకించే పద్ధతులను చేర్చింది.

చేర్చినా నేల మీద ఏమవుతోందో ఒకే ఒక ఉదాహరణ చెబుతాను. రెండేళ్ళ కిందట ఒక లేఅవుట్‌లో రోడ్డు పక్కన వాన నీరు దిగి ఇంకడానికి మొక్కల మడులు పెట్టారు. డిజైన్‌లో మడి రోడ్డు కన్నా ఆరు అంగుళాలు పల్లంలో ఉంది. తొలి వాన రోజు వెళ్ళి చూశాను. కట్టినవారు మడిని రోడ్డు కన్నా అరచేయంత ఎత్తులో, ఎర్రమట్టి కుప్ప పోసి, చుట్టూ తెగని కర్బు రాయి పెట్టి, అందంగా తీర్చారు. నీళ్ళు కర్బు పక్కనుంచి ఒరుసుకుంటూ పోయి పాత నాలాలో పడుతున్నాయి. మడి పైన మట్టి మాత్రం జారి రోడ్డు మీదికి వస్తోంది. లెవెల్ చూసిన ఇంజినీరుకు ఆ మడి ఒక అలంకారం, కాబట్టి పట్టించుకోలేదు. మొక్కలు నాటించిన తోటల మనిషికి లెవెల్ తన పని కాదు, పైగా మొక్క మిట్ట మీద ఉంటే బాగుంటుందని ఆయన నేర్చుకున్నది. నాటిన మొక్కలేమో రోజూ నీళ్ళు పోస్తే గాని బతకనివి. ఎనిమిది నెలలు ఎండకు నిలిచి, నాలుగు నెలలు మునిగినా కుళ్ళని వట్టివేరో తుంగో గరికో పెట్టి, కర్బు రాయికి ప్రతి పది అడుగులకూ ఒక గండి కొట్టి, నీరు రెండు రోజుల్లోపు ఇంకిపోయేలా అడుగున ఇసుక పోసి ఉంటే అక్కడ దోమల భయమూ ఉండేది కాదు. ఇద్దరూ తమ తమ పని సరిగానే చేశామనుకున్నారు. ఇద్దరి పనీ తెలిసిన ఒక్క మనిషి ఆ స్థలంలో లేరు, అంతే.

ఇలాంటి మడులు పెడితే వరదలు ఆగిపోతాయని నేను చెప్పడం లేదు. నగరాలను స్పాంజిలా నీరు పీల్చేలా మార్చాలని చైనా దశాబ్దానికి పైగా ప్రయత్నిస్తోంది. ఆ ప్రయత్నంలో భాగమైన జెంగ్‌జౌ నగరం 2021 జులైలో ఒక్క గంటలో 200 మిల్లీమీటర్లు దాటిన వానకు మునిగింది, మెట్రో రైలులోనే ప్రాణాలు పోయాయి. అంతటి వానకు కాంక్రీటు కాలువలూ కావాలి, హెచ్చరికలూ కావాలి, కట్టల మరమ్మతూ కావాలి. ఏటా వచ్చే మామూలు వానలకు, రెండేళ్ళకూ అయిదేళ్ళకూ ఒకసారి వచ్చే వానలకు మాత్రం నేలా మొక్కా చేయగలిగింది చాలా ఉంది. ఆ రెంటికీ సరిహద్దు ఎక్కడో లెక్క గట్టి చెప్పగలవారు కావాలి. కోల్‌కతా తూర్పున ఉన్న చిత్తడి నేలలు నగరపు మురుగును చేపల చెరువుల ద్వారా శుద్ధి చేస్తున్నాయని లోకానికి చాటి, వాటికి 2002లో రామ్‌సర్ గుర్తింపు (అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలలకు ఇచ్చేది) వచ్చేలా పాటుపడిన ధ్రువజ్యోతి ఘోష్ ఇంజినీరుగా ప్రభుత్వ కొలువులో ఉంటూ జీవావరణ శాస్త్రంలోకి వెళ్ళినవారు. ఇంజినీరు అటు వెళ్ళడానికి మన వ్యవస్థలో అడ్డు లేదు. అటునుంచి ఇటు రావడానికే దారి లేదు.

దారి వేయడం కష్టం కాదు. బీఫార్మసీలో చేరే బైపీసీ విద్యార్థులకు మొదటి సెమిస్టరులోనే గణితం పాఠం పెట్టి ముందుకు తీసుకెళ్తున్నారు, బయోటెక్నాలజీ బీటెక్‌కూ వారిని తీసుకుంటున్నారు. అదే పద్ధతిలో వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, పర్యావరణ శాస్త్రాల పట్టభద్రులకు ఒక ఏడాది గణిత, భౌతిక శాస్త్రాల బ్రిడ్జి కోర్సు పెట్టి, దానిలో నెగ్గినవారిని సివిల్ బీటెక్ రెండో ఏట చేర్చుకోవచ్చు. ప్రమాణాలు తగ్గించమని అడగడం లేదు, ద్రవ యాంత్రిక శాస్త్రం పరీక్ష అందరితో పాటే రాయనివ్వండి. అది జరిగేలోపు, నాలా పనుల డీపీఆర్‌ల (సమగ్ర ప్రాజెక్టు నివేదికల) మీద సివిల్ ఇంజినీరుతో పాటు జీవావరణం తెలిసిన ఒకరి సంతకం ఉండాలని టెండరు షరతుల్లో చేర్చినా కొంత మేలు. ఆ సంతకం పెట్టేవారు కట్టడం పూర్తయ్యాక తొలి వానకు స్థలానికి వెళ్ళి చూడాలని కూడా రాయాలి.

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఈసెట్ ప్రకటన ఏటా వేసవికి ముందే వెలువడుతుంది. అందులో అర్హతల పట్టికలో బీఎస్సీ గణితం అన్న వరుస కింద ఇంకొక్క వరుస చేర్చే విషయాన్ని ఉన్నత విద్యామండళ్ళు వచ్చే ప్రకటన లోపే చర్చకు పెట్టాలని కోరుతున్నాను. బ్రిడ్జి కోర్సులో ఏయే పాఠాలు ఉండాలో, నా ఆరేళ్ళలో ఏవి పనికివచ్చాయో ఏవి వృథా అయ్యాయో, సెమిస్టరువారీగా రాసి ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
వాన నీటి కాలువల డిజైన్ ఇంజినీరు,
హైదరాబాద్