వాన తగలని చోటే ముందు తుప్పు

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరానికి ఇంత ఆలస్యంగా జవాబు రాస్తున్నందుకు మన్నించు. ఇంట్లో అందరూ కులాసాగా ఉన్నారు, నాన్నగారి మోకాలి నొప్పి తగ్గుముఖం పట్టింది. మిగతా కబుర్లు మరోసారి రాస్తాను. సముద్రపు ఒడ్డు పార్కులో మేము కట్టబోయే పిల్లల ఆటస్థలం సంగతి నీకు చెప్పేదాకా నాకు మనసు నిలిచేలా లేదు.

పాత పరికరాలను తొలగించే ముందు వాటిని ఒక్కొక్కటిగా పరిశీలించాము. సముద్రపు గాలికి ఎదురుగా నిలబడిన ఉయ్యాల స్తంభాలే ముందుగా పాడై ఉంటాయని ఎవరైనా అనుకుంటారు. వాటి పైభాగంలో రంగు వెలిసిపోయినా ఇనుము గట్టిగానే ఉంది. జారుడుబల్ల మెట్టు అడుగున చెయ్యి పెట్టి తడిమితే మాత్రం తుప్పు పొరలు పొరలుగా ఊడి అరచేతిలోకి వచ్చింది, వేళ్లకు తెల్లని ఉప్పు అంటుకుంది. పైభాగాన పేరుకున్న ఉప్పును ప్రతి వానా కడిగేస్తుంది. వాన చేరని అడుగుభాగంలో అది అలాగే నిలిచి, గాలిలోని తేమను పీల్చుకుంటూ ఇనుమును ఆరనివ్వదు. 

ఆ రోజుతో నక్షా అంతా మారిపోయింది. వాన గానీ, మంచినీటి గొట్టం ధార గానీ చేరలేని మూల ఒక్కటి కూడా ఉండకూడదని పట్టుబట్టాను. వెల్డింగు, రంధ్రాలు వేయడం అంతా ముగిశాకే గాల్వనైజింగ్ (కరిగిన జింకు తొట్టిలో ఇనుమును ముంచి పూత వేయడం) చేయించాలి, ఎందుకంటే తరువాత వెల్డింగు చేస్తే ఆ చోట జింకు పూత కాలిపోతుంది. గొట్టాలకు రంధ్రాలు ఉంటేనే కరిగిన జింకు లోపలికీ పారుతుంది. మూసిన గొట్టాన్ని ఆ తొట్టిలో ముంచితే పేలిపోయే ప్రమాదం కూడా ఉంది. బోల్టులకు మామూలుగా వాడే 304 రకం కాకుండా 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు కోరాను. అందులో 2 నుంచి 3 శాతం ఉండే మాలిబ్డినం అనే లోహం, ఉప్పు వల్ల పడే గుంతలను చాలావరకు అడ్డుకుంటుంది. అయినా వాషరు కింద ఉప్పునీరు నిలిస్తే దానికీ గుంతలు పడతాయి. ఆ బోల్టు అల్యూమినియాన్ని నేరుగా తాకితే తినుకుపోయేది అల్యూమినియమే, కాబట్టి మధ్యలో నైలాన్ వాషరు తప్పనిసరి.

ఇక నాకు కోపం తెప్పించిన మాట ఒకటుంది. ఏటా రంగు వేస్తే సరిపోదా అని ఒక పెద్దమనిషి అడిగారు. లోపల డొల్లయిన కమ్మీ మీద మెరిసే రంగు ఉంటే, దాన్ని పట్టుకుని వేలాడే పిల్లవాడికి ఆ సంగతి ఎలా తెలుస్తుంది? ఒక్క కమ్మీ ఊడినా సందు పెద్దదవుతుంది. 89 మిల్లీమీటర్లకు మించి 230 మిల్లీమీటర్లలోపు ఉన్న సందులో చిన్నపిల్లల ఒళ్లు దూరిపోయి తల ఇరుక్కుంటుంది. ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా నా మనసు కలత చెందుతుంది.

ఉయ్యాల కింద ఇసుక సంగతి ఇంకా తేలలేదు. మెత్తగా పడాలంటే 300 మిల్లీమీటర్ల మందం ఉండాలి, గాలేమో దాన్ని ఒక పక్కకు ఎగరేసి స్తంభాల మొదళ్ల దగ్గర గుట్ట పోస్తుంది, అక్కడ తడి ఉప్పు చేరి... కారు వచ్చింది, నేను బయలుదేరాలి. ఉయ్యాల గొలుసుల విషయంలో నీ అభిప్రాయం వెంటనే రాయి, వచ్చే వారమే ఆర్డరు పెట్టాలి.

నీ
మిత్రుడు