పావురానికి ఒక న్యాయం, గద్దకు ఒక న్యాయమా?

సంపాదకుడు గారికి,

ఆటలోకి రాజకీయాలు తేవద్దనేవారికి ఒకటి గుర్తుచేయాలి. 1974 డేవిస్ కప్ టెన్నిస్ ఫైనల్లో వర్ణవివక్షకు నిరసనగా దక్షిణాఫ్రికాతో ఆడకుండా తప్పుకున్నది మన దేశమే. కప్పు పోయినా ఆ నిర్ణయాన్ని ఇవాళ్టికీ గర్వంగానే చెప్పుకుంటాం. దేశం చేస్తే గర్వకారణమైనది ఆటగాడు చేస్తే తప్పెలా అవుతుంది?

అంతర్జాతీయ క్రికెట్ మండలి (ఐసీసీ) దుస్తులు, సామగ్రి నిబంధనల ప్రకారం ఆటగాడు ఏదైనా సందేశం ప్రదర్శించాలంటే ముందు తన బోర్డు, ఆపైన ఐసీసీ ఒప్పుకోవాలి. రాజకీయ, మత, జాతి అంశాలకు అనుమతి లేదు. చిక్కంతా ఏది రాజకీయమో తేల్చడంలోనే ఉంది. 2019 మార్చిలో రాంచీ వన్డేలో మనవాళ్లు సైనిక టోపీలు పెట్టుకోవడానికి అనుమతి దొరికింది. అదే ఏడాది ప్రపంచకప్‌లో ధోనీ గ్లవ్స్‌పై ఉన్న బలిదాన్ గుర్తును (సైన్యంలోని పారా ప్రత్యేక దళం చిహ్నం) మాత్రం తీసేయమన్నారు. 2020లో ఇంగ్లండ్, వెస్టిండీస్ ఆటగాళ్ల కాలర్ల మీద జాతి వివక్షను నిరసించే 'బ్లాక్ లైవ్స్ మ్యాటర్' గుర్తుకు అభ్యంతరం రాలేదు. 2023 డిసెంబర్‌లో పెర్త్ టెస్టుకు ఆస్ట్రేలియా బ్యాటర్ ఉస్మాన్ ఖవాజా గాజా ప్రజల కోసం బూట్ల మీద 'ప్రాణాలన్నీ సమానమే' అని రాసుకుంటే మాత్రం కుదరదన్నారు. అక్షరాల మీద టేపు అంటించి, చేతికి నల్లపట్టీతో దిగితే మందలించారు. తర్వాతి టెస్టుకు ఆలివ్ కొమ్మ పట్టిన పావురం బొమ్మ అడిగితే అదీ కాదన్నారు. ఆ బొమ్మలో ఏ దేశం పేరూ లేదు, ఏ జెండా లేదు. అదే జట్టులోని లబుషేన్ బ్యాటు మీద బైబిల్ వాక్యాన్ని గుర్తుచేసే గద్ద బొమ్మ ఎప్పటినుంచో ఉంది!

ఈ విషయంలో ఒలింపిక్ సంఘం కొంత నయం. టోక్యో పోటీలకు ముందు, 2021 జూలైలో, అది సందేశాన్ని కాక సమయాన్నీ చోటునూ కొలబద్దగా పెట్టుకుంది. పోటీ మొదలయ్యేలోపు, ఎవరినీ లక్ష్యంగా చేసుకోకుండా, ఆటకు అడ్డు రాకుండా నిరసన తెలపొచ్చు. పతకాల వేదిక మీద, క్రీడాగ్రామంలో కుదరదు. జూలై 21న బ్రిటన్, చిలీ మహిళా ఫుట్‌బాల్ జట్లు జాతి వివక్షకు నిరసనగా మోకాలిపై కూర్చుని లేచి, వెంటనే ఆట మొదలుపెట్టాయి. వేదిక మీద వద్దనడం నాకూ సబబే అనిపిస్తుంది. అది పతకాలు గెలిచిన ముగ్గురిదీ, ఒకరి నిరసన మిగతా ఇద్దరి మీదా పడుతుంది. 1968లో మెక్సికో సిటీ ఒలింపిక్స్ వేదిక మీద జాతి వివక్షకు నిరసనగా పిడికిళ్లెత్తిన అమెరికా నల్లజాతి పరుగువీరులు స్మిత్, కార్లోస్‌ల పక్కన నిలబడ్డ ఆస్ట్రేలియా పరుగువీరుడు పీటర్ నార్మన్ ఇష్టపడే వారికి మద్దతుగా మానవహక్కుల బ్యాడ్జీ పెట్టుకున్నాడు. అందరూ అలా ఇష్టపడాలని లేదు.

ఐసీసీ కూడా టాస్ అయ్యాక మొదటి బంతి పడేదాకా ఉన్న వ్యవధిని ఇందుకు వదిలేయాలి. ఒక చేతిపట్టీ లేదా ఒక గుర్తు చాలు. ద్వేషానికి, ఒకరి పేరెత్తి దూషించడానికి చోటివ్వకూడదు. బలవంతం అసలే పనికిరాదు. 2021 టీ20 ప్రపంచకప్‌లో జట్టంతా మోకాలిపై కూర్చోవాలని దక్షిణాఫ్రికా బోర్డు మ్యాచ్ రోజు ఉదయమే ఆదేశిస్తే, ఆ జట్టు వికెట్‌కీపర్ డికాక్ ఆ మ్యాచ్‌కే దూరమయ్యాడు. ఇక అనుమతి నిరాకరిస్తే, ఏ కారణంతో కాదన్నారో మ్యాచ్‌కు ముందే రాతపూర్వకంగా అందరికీ తెలియజేయాలి.

- ఒక పాఠకుడు, విజయవాడ