ఉక్కును కొలిచినంత ఓపిగ్గా మనిషిని కొలవలేదు

చి. సింధుకు,

నాన్న ఆశీస్సులు. గోదాములో గంటకు ఎన్ని పెట్టెలు సర్దాలో లెక్కగట్టే పని నీకు అప్పజెప్పారనీ, ట్రైనింగులో, పనిని గడియారంతో కొలిచి రేటు కట్టే పద్ధతికి పేరుపడ్డ అమెరికా ఇంజనీరు ఫ్రెడరిక్ టేలర్ గురించి గొప్పగా చెప్పారనీ రాశావు. ఆయన కూడా నాలాగే లేత్ (లోహాన్ని తిప్పుతూ కోసే మెషీన్) దగ్గర నిలబడ్డ మనిషి. 1878లో ఫిలడెల్ఫియాలోని మిడ్‌వేల్ ఉక్కు కర్మాగారంలో చేరి, మెషీన్ మీద పనిచేసి, ఫోర్‌మన్ అయ్యాడు.

నా సర్వీసంతా నేను వాడిన హై స్పీడ్ స్టీల్ టూళ్ళకు (లోహాన్ని కోసే పనిముట్లకు) దారి వేసింది ఆయనే, బెత్లెహెమ్ స్టీల్ కంపెనీలో మౌన్సెల్ వైట్ అనే లోహ నిపుణుడితో కలిసి. వేగం పెంచితే చిప్పు (కోతలో రాలే లోహపు తునక) నీలం తిరిగి పొగలు కక్కుతూ వస్తుంది, అయినా టూలు పదును పోదు. పాత కార్బన్ స్టీలుతో అయితే మొన క్షణాల్లో మెత్తబడి పోయేది. లోహం కోత మీద ఇరవై ఆరేళ్ళు ప్రయోగాలు చేశాకే ఆయన 1906లో ఆ ఫలితాలు బయటపెట్టాడు. ఆ టేలర్‌కి నేను దణ్ణం పెడతాను.

అదే మనిషి కూలీల దగ్గరికి వచ్చేసరికి ఆ ఓపిక ఏమైందో చూడు. 1899లో బెత్లెహెమ్‌లో పిగ్ ఐరన్ (ముడి ఇనుము) దిమ్మెల్ని రైలు వ్యాగన్లలోకి ఎత్తించాడు. ఒక్కో దిమ్మె 92 పౌండ్లు, అంటే దాదాపు 42 కిలోలు. మనిషికి రోజుకు పన్నెండున్నర టన్నులు ఎత్తేచోట నలభై ఏడు టన్నులు ఎత్తించవచ్చని శాస్త్రం తేల్చిందన్నాడు. పని నాలుగింతలకు దగ్గరగా పెరిగింది. కూలి మాత్రం 1.15 డాలర్ల నుంచి 1.85కి పెరిగింది.

ఆ అంకె ఎలా వచ్చిందో 1974లో రెగీ, పెరోని అనే ఇద్దరు పరిశోధకులు పాత కాగితాలు తిరగేసి బయటపెట్టారు. బలమైన కూలీల్ని ఏరి, పద్నాలుగు నిమిషాలు ఉరుకులు పరుగుల మీద ఎత్తించి, ఆ లెక్కన రోజుకు 75 టన్నులు అనుకుని, విశ్రాంతికని 40 శాతం కొట్టేసి 45 టన్నులు అన్నారు, నలభై ఏడుకి దగ్గరగా. ఆ 40 శాతానికి ఆధారం ఏమిటంటే ఏమీ లేదు. టూలు విషయంలో ఇలాంటి అంచనా ఎవరైనా తెచ్చిస్తే టేలరే విసిరికొట్టేవాడు.

అంత బరువు ఎత్తాడని ఆయన తన పుస్తకంలో ష్మిట్ అనే పేరుతో రాసిన కూలీ అసలు పేరు హెన్రీ నోల్. ఈ పనికి పనికొచ్చేవాడి బుర్ర ఎద్దు బుర్రలా ఉండాలని టేలర్ రాశాడు. అదే పుస్తకంలో, ఆ మనిషి పనికి వచ్చేముందూ వెళ్ళాకా తన చిన్న ఇంటికి తనే గోడలు కట్టుకుంటున్నాడనీ రాశాడు. గోడ కట్టే బుర్ర ఎద్దుది ఎలా అవుతుందమ్మా?

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది, ఆలోచించే పనంతా షాపులోంచి (వర్క్‌షాపులోంచి) తీసి ప్లానింగ్ విభాగంలో పెట్టాలన్న ఆయన సూత్రం. మా షాపులోకీ ఒకసారి స్టాప్‌వాచ్ వచ్చింది. మంచి కాస్టింగ్ (పోత పోసిన ముక్క) పడ్డ పూట చూసి జాబ్‌కి టైమ్ కట్టి వెళ్ళిపోయారు. మర్నాడు పోతలో గట్టి చుక్కలున్న కాస్టింగులు వచ్చాయి. లేత్ గొంతు మారగానే యాదగిరన్న ఫీడ్ (టూల్ ముందుకు జరిగే వేగం) తగ్గించాడు. తగ్గించకపోతే టూల్ మొన విరిగేది. జాబ్ బాగు చేశాడు, ఆ నెల ఇన్సెంటివ్ మాత్రం పోయింది. ఆ శబ్దం వాళ్ళ కాగితంలో లేదు మరి.

అమెరికా కార్మికులూ ఊరుకోలేదు. 1911 ఆగస్టులో వాటర్‌టౌన్ ప్రభుత్వ ఆయుధ కర్మాగారంలో ఒక మోల్డర్ (పోతకు అచ్చులు చేసే కార్మికుడు) గడియారం ముందు పని చెయ్యనన్నాడు. అతన్ని తీసేస్తే మిగతా మోల్డర్లందరూ బయటికి నడిచారు. అమెరికా కాంగ్రెస్ (వాళ్ళ పార్లమెంటు) కమిటీ టేలర్‌నే పిలిపించి ప్రశ్నించింది. 1915 నుంచి 1949 దాకా సైన్యం వర్క్‌షాపుల్లో స్టాప్‌వాచ్‌కి డబ్బు ఇవ్వకుండా చట్టం ఆపింది.

నిన్ను ఉద్యోగం మానెయ్యమనడం లేదు తల్లీ. కొలవకుండా షాపు నడవదు, అది నాకూ తెలుసు. రేటు కట్టేముందు రాత్రి షిఫ్టు మొత్తం అక్కడ నిలబడు. అట్ట తడిసిన పెట్టె, పై అరలోని బరువు, స్కానర్ మొరాయించడం, బాత్‌రూమ్ ఎంత దూరమో, అన్నీ కాగితం మీదికి రావాలి. నలభై ఐదేళ్ళ వాళ్ళనీ కలిపి కొలువు, కుర్రాళ్ళని ఏరుకోవద్దు.

మీ దగ్గర విశ్రాంతికి ఎంత శాతం వేస్తున్నారు, ఆ అంకె ఎవరు తెచ్చారు, వచ్చే ఉత్తరంలో రాయి. అమ్మ నిన్ను అడిగానని చెప్పమంది.

మీ నాన్న